తొందరలో ఉన్నవాళ్ళకు ఫెర్రిక్ క్లోరైడ్

ముందుగా, దీన్ని కొనకండి. డబ్బు దండగ. అటక మీద మేకుల డబ్బా ఉంటుంది, బాత్రూములో యాసిడ్ సీసా ఉంటుంది. ఇనుమూ హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ కలిస్తే వచ్చేది ఇనుప క్లోరైడ్ కాక మరేమిటి? మేకులు అందులో పడెయ్యండి. బుడగలు లేస్తాయి. అవి మండే హైడ్రోజన్ బుడగలన్న సంగతి ఎవరైనా గుర్తుచేస్తే విననట్టు ఊరుకోండి. మర్నాటికి లేతాకుపచ్చ నీళ్ళు తయారు. అందులో రాగిరేకు ముంచి వారం రోజులు కాపలా కాయండి. రేకు చెక్కుచెదరదు, ఎందుకంటే రాగిని తినేది ఫెర్రిక్ క్లోరైడ్, మీరు కష్టపడి చేసింది ఫెర్రస్ క్లోరైడ్. పుడుతున్న హైడ్రోజన్ ఇనుమును ఆ మెట్టు దాటి పైకి పోనివ్వదు. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పాత పుస్తకంలో ఈ ప్రశ్న ఉండేది, పిల్లలు ఏటా తప్పు రాస్తూనే ఉండేవారు. మీరూ ఫెర్రిక్ అనే రాయండి. మార్కు పోయినా మెజారిటీ మీతోనే ఉంటుంది.

ఫ్యాక్టరీల వాళ్ళది వేరే దారి. బాగా కాలిన ఇనప ముక్కల మీదుగా పొడి క్లోరిన్‌ను పంపి, ఆవిరై లేచిన సరుకును చల్లార్చి పట్టుకుంటారు. అలా వచ్చే రేకుల్లాంటి స్ఫటికం మామూలుగా చూస్తే నల్లగా, ఆకుపచ్చ మెరుపుతో ఉంటుంది. వెలుగుకు అడ్డం పెట్టి చూస్తే ముదురు ఎరుపు, ఊదా కలిసిన రంగు. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ షాపుల్లో మీకు దొరికేది సాధారణంగా ఇది కాదు. ఆరేసి నీటి అణువుల్ని వెంటేసుకుని తిరిగే పసుప్పచ్చ, గోధుమరంగు గడ్డలు. ఈ నీటికి కూడా మనమే డబ్బు కట్టాలా అని మీకు ఒళ్ళు మండాలి. మండితే గడ్డల్ని పెనం మీద వేయించండి. నీళ్ళతో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా లేచిపోతుంది, ఇంటిల్లిపాదీ దగ్గుతూ వీధిలోకి వస్తారు. చివరికి పెనానికి అంటుకుని మిగిలేది తుప్పు. ప్రయోగశాలల్లో ఆ నీటిని తీయడానికి థయోనిల్ క్లోరైడ్ వాడతారు గానీ, దాని ఘాటు ముందు ఈ దగ్గు ఎంత!

పొట్లం విప్పాక మళ్ళీ బిగించి కట్టే అలవాటు పెట్టుకోకండి. గాలిలోని తేమను లాక్కుని తనలో తానే కరిగిపోవడం దీని స్వభావం. విశాఖలో అయితే వానాకాలం దాకా ఆగక్కర్లేదు, సముద్రపు గాలి చాలు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో అలా ఉండదంటారా, అక్కడ వేరే ఏర్పాటు ఉంది. ఈ గడ్డలు కరిగే ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలో కిటికీ పక్కన పెడితే మంట లేకుండానే పొట్లంలో చారు తయారవుతుంది. కింద మీ ప్రాజెక్టు రికార్డు ఉంటే మరీ మంచిది.

ఇప్పుడు ద్రావణం కలిపే పాత్ర. ప్లాస్టిక్ టబ్బు వాడమని, గాజు గిన్నె వాడమని చాలామంది చెబుతారు. మీరు సత్తు గిన్నె తీసుకోండి. అల్యూమినియం కనపడితే ఈ ద్రావణానికి రాగి మీద ఉన్న శ్రద్ధంతా పోతుంది. నురగ, ఆవిరి, చెయ్యి పెట్టలేనంత వేడి, కాసేపటికి గిన్నెకు చిల్లు. స్టీలు గిన్నె నయం కదా అంటారా? స్టెయిన్‌లెస్ స్టీలు గుంటలు పడకుండా ఎంతవరకు తట్టుకుంటుందో తేల్చడానికి ఇంజనీర్ల దగ్గర ఒక ప్రామాణిక పరీక్ష ఉంది, ఏఎస్‌టీఎం జీ48. అందులో స్టీలు ముక్కను ముంచేది ఆరు శాతం ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలోనే. ఇంట్లో పిల్లలు కలిపే ద్రావణం దానికి ఎన్నో రెట్లు చిక్కన. పెళ్ళిలో వచ్చిన పేరు చెక్కిన స్టీలు గిన్నెలో ఒక రాత్రి ఉంచండి, ఆ పేరు చుట్టూ సూదిమొన అంత గుంటలు పడతాయి. గిన్నె తాలూకు వాళ్ళు ఊరి నుంచి వచ్చినప్పుడు అందులోనే మజ్జిగ పోసివ్వండి.

కలిపేటప్పుడు నీళ్ళలో కొంచెం కొంచెంగా గడ్డలు వేస్తే వేడి అదుపులో ఉంటుంది. కాబట్టి మీరు గడ్డల మీద నీళ్ళు గుమ్మరించండి. నిర్జల రకం దొరికితే ఇంకా బాగుంటుంది, బుస్సుమని లేచే తెల్ల పొగ నేరుగా ముక్కులోకే వస్తుంది.

ఇంతవరకూ చెప్పింది ఉపోద్ఘాతం. పని చెడగొట్టుకోవడంలో అసలు రుచి సర్క్యూట్ బోర్డు దగ్గరే ఉంది. ఈ ఎర్రనీళ్ళకు మీకు కావలసిన రాగి ఏదో, అక్కర్లేని రాగి ఏదో తెలియదు. తెరిచి ఉన్నదంతా తింటుంది, కప్పి ఉన్నది వదిలేస్తుంది. బోర్డు తయారీ అంటే కప్పే పనే, పోసే పని కాదు. కనుక పోయడం మీద మొత్తం ఉత్సాహం పెట్టి, కప్పడం రెండు నిమిషాల్లో ముగించండి.

బోర్డు మీది రాగిని గిన్నెలు తోమే పీచుతో రుద్ది, సబ్బుతో కడిగి, అంచులు పట్టుకుని ఆరబెట్టమంటారు. అదంతా పాత సీనియర్ల చాదస్తం. మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో నడిమధ్యన పట్టుకోండి. నూనె అంటిన చోట రాగిని కప్పే ఇంకు గీత సరిగా అతుక్కోదు, అతుక్కోని చోట రాగి పోతుంది. గీతే లేని చోట మాత్రం ఆ నూనె పొరే అడ్డుపడి రాగిని కాపాడుతుంది. టబ్బులోంచి తీసి చూస్తే సర్క్యూట్ మాయమై, మీ బొటనవేలి ముద్ర మాత్రం సుడులతో సహా ఎర్రగా మెరుస్తూ కనబడుతుంది. వైవాలో ఎవరైనా ఇది నువ్వే చేశావా అని అడిగితే ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

గీతలకు నీళ్ళలో కరిగే స్కెచ్ పెన్ను వాడండి. ప్రింటు తీసి ఇస్త్రీపెట్టెతో అంటించే పద్ధతి అయితే ఇంక్‌జెట్ ప్రింటరే వాడండి. లేజర్ ప్రింటరు పొడిలో ప్లాస్టిక్ ఉంటుంది, అది వేడికి కరిగి రాగికి అతుక్కుని ఆ ద్రావణాన్ని తట్టుకుంటుంది, అందువల్ల పనిలో మజా ఉండదు. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి ప్రింటు తీయాలన్నది కూడా మరిచిపోండి. అలా మరిచిపోయిన బోర్డులో 555 టైమర్ చిప్పుని వెల్లకిలా పడుకోబెట్టి అతకాల్సి వస్తుంది. ఎనిమిది కాళ్ళూ పైకెత్తుకుని పడుకున్న ఆ చిప్పుని చూస్తే హెచ్‌ఓడీ గారి మనసు కూడా కరగాలి.

బోర్డుని టబ్బులో వేశారు. బాగా గమనించండి, ఆ తర్వాత గమనించడం మానెయ్యండి. మొదటి అరనిమిషంలో నిగనిగలాడే రాగి మెరుపు పోయి, పాలిపోయిన గులాబీ రంగులోకి దిగుతుంది. గీతలకు కింద తప్ప అంతటా ఆ రంగు సమానంగా వచ్చిందంటే బోర్డు శుభ్రంగా ఉన్నట్టు. మరకలు మరకలుగా వస్తే ఇందాకటి బజ్జీ. తర్వాత అంచుల దగ్గర రాగి పలచబడి కింది పలక కనబడటం మొదలవుతుంది, ఆ అంచు నెమ్మదిగా లోపలికి జరుగుతుంది, నడుమ మాత్రం ఒక ద్వీపం మిగులుతుంది. టబ్బు ఊపుతూ ఉంటే అది కూడా చిన్నదై, చిన్నదై, ఉన్నట్టుండి మాయమవుతుంది. బోర్డు బయటికి తీయాల్సింది ఆ క్షణంలోనే. మీరు మాత్రం సరిగ్గా అప్పుడే టీకి వెళ్ళండి.

ఎందుకంటే మామూలు బోర్డు మీది రాగి మందం 35 మైక్రాన్లు. ద్రావణం పైనుంచి కిందికి ఎంత తింటుందో, ఇంచుమించు అంతే పక్కలకూ తింటుంది. పై నుంచి తినేందుకు ఏమీ మిగలకపోతే గీతల కింద పక్కవాటుగా దూరుతుంది. పైన మార్కర్ ఇంకు నిక్షేపంగా ఉంటుంది, కింద రాగి ఉండదు. సన్నని గీతలు ముందు పోతాయి. థిన్నర్‌తో ఇంకు తుడిచే దాకా మీకు అనుమానం కూడా రాదు, అంతవరకు సంతోషంగా ఉండొచ్చు.

వెచ్చదనం ఉంటే పని వేగంగా నడుస్తుంది, నిజమే. టబ్బుని వేడినీళ్ళ పళ్ళెంలో పెట్టి నలభై, యాభై డిగ్రీల మధ్య ఉంచి, ఊపుతూ ఉంటే చాలావరకు అరగంట లోపు అయిపోతుంది. అరగంట అంటే యుగం కదా మీకు! కాబట్టి గ్యాస్ స్టవ్ మీద మరిగించండి. యాసిడ్ ఆవిరి వంటింట్లో కత్తులకు, తలుపు గడియలకు, గ్యాస్ లైటర్‌కు వారంలో తుప్పు పట్టిస్తుంది. వాటితో పాటు పీల్చింది మీ ఊపిరితిత్తులు కూడానని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. కళ్ళ విషయంలో నాకు వ్యంగ్యం రాదు. కళ్ళద్దాలు పెట్టుకోకుండా దీని దగ్గరికి వెళ్ళొద్దు. కంట్లో పడితే రెప్ప తెరిచి కనీసం పావుగంట పాటు ధారగా నీళ్ళు పోసి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

మరకల విషయానికి వద్దాం. వేళ్ళు పసుపు పచ్చగా అవుతాయి, అది కొన్నాళ్ళకు పోతుంది. బట్టల మీద పడ్డది పోదు. నేల మీద పడ్డది మాత్రం మన దగ్గర ప్రత్యేకం. తాండూరు బండ, కడప బండ రెండూ సున్నపురాయే. నీళ్ళలో కలిసిన ఫెర్రిక్ క్లోరైడ్ దానంతట అదే పుల్లగా, యాసిడ్‌గా ఉంటుంది కాబట్టి చుక్క పడగానే రాయి సన్నగా నురగలు కక్కుతుంది. ఆ చోట ఇనుము తుప్పుగా దిగబడి, గరుకుగా, కాషాయం రంగులో ఒక మచ్చ శాశ్వతంగా నిలుస్తుంది. తుప్పు మరకకు ఆక్సాలిక్ ఆమ్లం మంచి మందని ఎవరో చెబుతారు. బట్టకైతే నిజంగానే పనిచేస్తుంది. బండ మీద పోస్తే తుప్పుతో పాటు బండ నునుపును కూడా తినేస్తుంది. ఇంటివాళ్ళు చూస్తే అడ్వాన్సులో కోత పడుతుందని భయపడి ఆ మచ్చ మీద బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్ళున్నారు. యాసిడ్‌తో బ్లీచింగ్ కలిస్తే లేచేది క్లోరిన్ వాయువు. ఇది కూడా సలహా కాదు, బయటికి పరిగెత్తమని చెప్పడం.

కెమిస్ట్రీ లాబులో దీనికి సౌమ్యమైన ఉద్యోగం ఉంది. ఫీనాల్‌లో రెండు చుక్కలు వేస్తే ఊదా రంగు వస్తుంది. మీరు సగం టెస్ట్‌ట్యూబు పొయ్యండి, దాని సొంత పసుపు రంగులో అసలు రంగు కలిసిపోయి ఏదీ తెలియదు. అప్పుడు పక్కవాడి రికార్డు తీసుకుని "ఊదా రంగు ఏర్పడినది" అని రాసేయండి. రావలసిన రంగు ముందే పుస్తకంలో ఉండగా వచ్చిన రంగుతో పనేమిటి?

ఈ సూత్రం పాటించని ఒక డాక్టర్ వల్ల జరిగిన గందరగోళం చూడండి. 1934లో నార్వేలోని ఓస్లోలో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ దగ్గరికి ఒక తల్లి వచ్చింది. ఇద్దరు పిల్లలకూ బుద్ధి ఎదగలేదు, ఒంటికి ఏదో వింత వాసన, ఎందుకో చెప్పమని ఎందరిని అడిగినా జవాబు లేదు. ఆయన పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేశాడు. అది కీటోన్ల కోసం చేసే పరీక్ష. ఉంటే ఎర్రబారాలి, లేకపోతే గోధుమ రంగులో ఉండిపోవాలి. అది ముదురాకుపచ్చగా మారి, కాసేపటికి ఆ రంగు వెలిసిపోయింది. పుస్తకంలో ఆకుపచ్చ లేదు. మన పద్ధతిలో "కీటోన్లు లేవు" అని రాసి టెస్ట్‌ట్యూబు కడుక్కుని ఇంటికి పోవలసింది. ఆయన పోలేదు. పిల్లలకు మందులన్నీ కొన్నాళ్ళు ఆపించి మళ్ళీ చూశాడు, మళ్ళీ ఆకుపచ్చే. లీటర్ల కొద్దీ మూత్రం తెప్పించుకుని, అందులోంచి ఫినైల్ పైరువిక్ ఆమ్లాన్ని విడదీశాడు. అదే రకం ఇబ్బంది ఉన్న మరో 430 మంది నమూనాలు పరీక్షిస్తే ఎనిమిది మందిలో అదే ఆకుపచ్చ. ఆ జబ్బును ఇప్పుడు ఫినైల్ కీటోన్యూరియా అంటున్నారు. చాలా దేశాల్లో పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి నాలుగు రక్తపు చుక్కలు తీసి దాన్ని కనిపెడుతున్నారు, తిండి మార్చి బిడ్డ మెదడును కాపాడుతున్నారు. రంగు పుస్తకంలో లేదని వదిలేయకపోతే ఇంత పని నెత్తిన పడుతుంది.

ఇతర ఉపయోగాలు. వేలు తెగితే దీన్ని రాయండి, వెనకటి డాక్టర్లు రక్తం ఆపడానికి ఇనుప క్లోరైడ్ వాడినమాట వాస్తవమే. ఈ రోజుల్లో పరిశోధకులు ఎలుక మెడలోని రక్తనాళం మీద ఫెర్రిక్ క్లోరైడ్ తడిపిన చిన్న కాగితం ముక్క పెట్టి, లోపల రక్తం గడ్డకట్టేలా చేసి, గడ్డను కరిగించే మందుల్ని పరీక్షిస్తారు. నాళం గోడ కూడా దెబ్బతింటుంది. ఎలుకకు ఉన్న అదృష్టం మీకు మాత్రం ఎందుకుండకూడదు?

కలంకారీ నేర్చుకుంటున్నవాళ్ళకూ ఒక చిట్కా ఉంది. శ్రీకాళహస్తిలో నల్లరంగు కోసం ఇనప ముక్కల్ని బెల్లంతో కలిపి రోజుల తరబడి పులియబెడతారు. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ కషాయంతో గీస్తే, కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసినా అదే నలుపు, అదీ క్షణంలో. ఇక బెల్లం ఎందుకు, కుండ ఎందుకు, ఆ వాసన ఎందుకు అని వెంటనే మార్చేయండి. పులిసిన కషాయంలో ఉండేది వెనిగర్ జాతి మెతక ఆమ్లం, ఇందులో దాగి ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నూలు పోగుల్ని అది తింటుంది. బొమ్మ చక్కగానే వస్తుంది, కొంతకాలానికి నల్ల గీత ఉన్నచోటల్లా బట్ట చిరుగుతుంది. కృష్ణుడి ఆకారం కత్తిరించినట్టు ఊడి చేతిలోకి వస్తే ఫ్రేము కట్టించుకోవచ్చు.

కత్తులు చేసే సరదా ఉన్నవాళ్ళు తెలంగాణలోని కోనసముద్రం పేరు వినే ఉంటారు. ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చి అక్కడి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవాళ్ళు. ఆ జాతి ఉక్కుతో చేసిన కత్తి మీద నీటి అలల్లాంటి చారలు కనిపించాలంటే పైన పలచని ఆమ్లం పూయాలి. ఉక్కులోని గట్టి కార్బైడ్ పొర నిలుస్తుంది, మెత్తని భాగం తరిగి నల్లబడుతుంది. ఇప్పటివాళ్ళు ఇందుకు ఫెర్రిక్ క్లోరైడ్‌ను బాగా పలచన చేసి, కొద్ది నిమిషాలకోసారి తీసి చూసి, సోడాతో కడుగుతారు. మీరు చిక్కటి దాంట్లో ముంచి నిద్రపోండి. తెల్లారేసరికి చారలు పోయి గతుకులు మిగులుతాయి, అంచు కూడా పోయి ఉంటుంది కాబట్టి పిల్లలు ముట్టుకున్నా భయం లేదు.

అన్నీ అయ్యాక మిగిలిన ద్రావణాన్ని బేసిన్‌లో పారబోయండి. ఎవరైనా అడ్డొస్తే మీ దగ్గర బ్రహ్మాస్త్రం ఉంది: మురుగునీరు శుద్ధి చేసే కేంద్రాల్లో వాడేది ఇదే కదా! నిజమే, పటికలాగే ఇదీ నీళ్ళలో మెత్తటి ముద్దగా విచ్చుకుని, బురదను, ఫాస్ఫేట్లను తనతోపాటు కిందికి లాక్కెళ్తుంది. కాకపోతే అక్కడ పోసేది తాజా సరుకు, మీరు పోసేది మీ బోర్డు మీది రాగినంతా మింగిన సరుకు. మొదట్లో టీ డికాషన్ రంగులో ఉన్న నీళ్ళు ఇప్పుడు ముదురాకుపచ్చగా మారాయంటే ఆ రాగి అందులోనే ఉంది. అది చేపలకు విషం, సెప్టిక్ ట్యాంకులో మన కోసం పనిచేసే సూక్ష్మజీవులకూ విషమే. నమ్మకం లేకపోతే ఒక ఇనప మేకుని శుభ్రంగా రుద్ది అందులో ముంచి తీయండి, ఎర్రటి రాగి పూత పట్టుకుని వస్తుంది. బట్టల సోడా కొంచెం కొంచెంగా వేస్తూ, బుడగలు ఆగేదాకా కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచితే రాగి, ఇనుము అడుక్కి దిగుతాయి. ఆ మడ్డిని విడిగా కట్టి కాలేజీ లాబు వాళ్ళ రసాయన వ్యర్థాల్లో ఇవ్వచ్చు. అదంతా చేసేంత తీరిక ఉంటే మీరు ఈ సలహాలు చదివేవారే కాదు.

పారబోయడం ఇష్టం లేకపోతే దాచండి. చల్లటి డ్రింకు తాగిన ఖాళీ సీసాలో పోసి, లేబుల్ తీయకుండా, హాస్టల్ ఫ్రిజ్ పక్కన పెట్టండి. రంగు ఎలాగూ కలుస్తుంది, ఎండలో పడి వచ్చినవాడు చూడకుండా ఎత్తేస్తాడు. అలా కాకుండా లోహపు మూత ఉన్న గాజు సీసాలో పోస్తే ప్రాణాలకు అంత ముప్పు లేదు, ఆవిరి ముందు మూత లోపలి పూతను, తర్వాత మూతనే తినేస్తుంది. మందపాటి ప్లాస్టిక్ సీసా, ప్లాస్టిక్ మూత, పైన పేరు, తేదీ, పుర్రె బొమ్మ పెట్టమంటారు కొందరు. గదిలో ఎవరికీ బొమ్మలు గీయడం రాదని చెప్పండి. ఏడాది చివర గది ఖాళీ చేసేటప్పుడు దాన్ని మంచం కిందే వదిలేయండి. కొత్తగా చేరిన కుర్రాడు ఇదేంటన్నా అని అడిగితే, మేం వచ్చినప్పుడూ అక్కడే ఉంది తమ్ముడూ అనండి.